తెరచాపమ్మ గది

మా ఊరు చూడ్డానికి వచ్చేవాళ్ళు మూడే చూసి వెళ్ళిపోతారు. నీళ్ళ ఒడ్డున కోట, దాని పక్కన గడియార స్తంభం, చిట్టచివర దీపస్తంభం. వాటి ముందు నిలబడి ఫోటోలు దిగి, ఎండ ముదిరేలోపు బస్సెక్కేస్తారు. అలాంటివాళ్ళను ఆపి ఊళ్ళోకి తీసుకెళ్ళడమే సందుల మామయ్య ఉద్యోగం.

అసలు ఆయన తాళ్ళు పేనేవాడు. ఓడలను రేవుకు కట్టే లావుపాటి తాళ్ళు పేనడానికి పొడవాటి షెడ్డొకటి ఉండేది. ఆయన బాల్యం, యవ్వనం రెండూ అందులోనే గడిచిపోయాయి. నైలాన్ తాళ్ళు చుట్టలు చుట్టలుగా దిగాక చేత్తో పేనిన తాడు ఎవరికి కావాలి? షెడ్డు మూసేశారు. కొన్నాళ్ళు చేపల బజారులో నేల కడిగాడు, కొన్నాళ్ళు ఖాళీగా కూర్చున్నాడు. యాత్రికులను తిప్పే కంపెనీ ఒకటి, అందరూ చూసేవి కాకుండా వేరేవి చూపించే మనిషి కోసం వెతుకుతోందని తెలిసి, ఎదురింటి దర్జీ ఆయన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి వాళ్ళ ముందు నిలబెట్టాడు. "ఈయనకు చదువు అంతంతమాత్రం. కాళ్ళు మాత్రం గట్టివి" అన్నాడట. వాళ్ళకు ఆ సిఫారసు చాలింది.

నేను పక్క సందులో ఉండేదాన్ని. పని లేని రోజున ఆ గుంపు వెనకాల నడిచేదాన్ని. ఊరు నాకు తెలియక కాదు, ఆయన మాట వినడానికి.

గడియార స్తంభం నీడలో అందర్నీ ఒకచోట చేర్చి, "కోట చూశారా?" అని అడిగేవాడు.

"చూశాం."

"దీపస్తంభం?"

"చూశాం."

"ఊరు?"

వాళ్ళు మొహామొహాలు చూసుకునేవాళ్ళు.

"మీరు కోట ఫోటో తీస్తున్నప్పుడు అది మీ వీపు వెనకాలే ఉంది. పదండి, పలకరించకపోతే నొచ్చుకుంటుంది."

చేపల బజారు వెనక, అప్పుడే నీళ్ళు కొట్టి కడిగిన బండల మీదుగా నడిపించేవాడు. లంగర్లు అతికే కొలిమి దగ్గరికి రాగానే కమ్మరి సుత్తి పక్కన పెట్టేవాడు, ఆయన చెప్పేది వినపడాలని. ఎవరూ ఆయన్ను అలా చెయ్యమనలేదు. మంగలి దుకాణంలో అద్దం ఒక పక్కకు ఒరిగి ఉండేది. "ఓడ దిగినవాడికి నేల ఊగుతూ ఉంటుంది. అద్దం తిన్నగా ఉంటే వాడు గడ్డం వంకరగా ఉందని గొడవ పెట్టుకుంటాడు" అనేవాడు మామయ్య. "ఆ మేకు ఊడి ఏడాదైంది, ఈయన కథలు అల్లుతున్నాడు" అని మంగలి లోపలినుంచి అరిచి, వెనకబడి ఆయాసపడుతున్న పెద్దవాళ్ళెవరైనా ఉంటే కుర్చీ బయటికి లాగేవాడు. సందులో బట్టలు ఆరేసిన ఇల్లాలు, కొత్తవాళ్ళ మీద నీటి చుక్కలు పడకుండా తాడు పక్కకు జరిపి పట్టుకునేది. ఇవన్నీ చిన్న విషయాలే. దేవుడు పెద్ద విషయాల లెక్క చూసుకుంటాడు కాబట్టి చిన్నవి మనమైనా గుర్తుపెట్టుకోవాలని నాకనిపిస్తుంది.

నడక చివర్న ఆగేది మామయ్య వాళ్ళక్క గదిలో. ఇద్దరూ ఉండేది అక్కడే. వాళ్ళ అమ్మ ఓడలకు తెరచాపలు కుట్టేది. ఈవిడ కాలానికి తెరచాపలు పోయి పడవల మీద కప్పే టార్పాలిన్లు మిగిలాయి. అయినా సందంతా ఆవిణ్ణి తెరచాపమ్మ అనే పిలిచేది. అరచేతికి తోలుపట్టా కట్టుకుని, లావు సూదిని ఆ పట్టాతో నొక్కి గుడ్డలోకి దింపేది. భర్త పోయాక తమ్ముడి తోడే. తమ్ముడు పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "మా అక్క ఒక్కతే ఇద్దరు పెళ్ళాల పెట్టు" అనేవాడు.

ఆ గది కాలవ గట్టు మీద కింది అంతస్తు. రెండు మెట్లెక్కి లోపలికి వెళితే ఎదురుగా కిటికీ, కిటికీ కిందే నీళ్ళు. పోటు వచ్చినప్పుడు కాలవ నీటి మెరుపు పైకప్పు మీద కదులుతూ ఉండేది. గోడలకు నడుం ఎత్తుదాకా చెమ్మ, చౌడు. వెనకటి రోజుల్లో పడవ కట్టుకునే ఇనుప కడియం ఒకటి కిటికీ పక్కన గోడలో ఉండిపోయింది. దానికి ఆవిడ కత్తెర తగిలించుకునేది. వచ్చినవాళ్ళను టార్పాలిన్ చుట్టల మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, పడవ కథ చెప్పేది.

"నేను ఇంతున్నప్పుడు పెద్ద గాలి లేచింది. తాడు తెంపుకున్న పడవొకటి కొట్టుకొచ్చి, ఇదిగో, ఈ కిటికీలోంచి మూతి లోపలికి పెట్టింది. మా అమ్మ పొయ్యి ముందు కూర్చునుంది. వెనక్కి తిరక్కుండానే 'ఎవర్రా అది? కాళ్ళు కడుక్కుని రా' అంది."

"నిన్న అట్లకాడ విసిరిందన్నావు కదక్కా?"

"అది నిన్న వచ్చినవాళ్ళకి. నువ్వప్పుడు ఉయ్యాల్లో ఉన్నావు. నీకేం తెలుసు, నోరు మూసుకో."

ఆ గదిలో ఒక మాట పట్టింపు ఉండేది. నీళ్ళ మీద పోయేవాళ్ళున్న ఇళ్ళు కదా. గడప దాటే మనిషి తిరిగొచ్చేవాడైతే "వెళ్ళి రా" అనాలి. తిరిగి రానివాడైతే ఆ మాట అనకూడదు, "మంచిది" అనాలి. తెరచాపమ్మ వాళ్ళమ్మ ఈ విషయంలో చాలా ఖచ్చితంగా ఉండేదట. అందుకే యాత్రికులు సెలవు తీసుకునేటప్పుడు ఆవిడ నవ్వుతూ "మంచిది నాయనా, మంచిది తల్లీ" అనేది. తమ్ముడు కూరగాయలకు వెళుతున్నా సరే, "వెళ్ళి రా." దబాయింపుగా కాదు, దేవుడికి గుర్తుచేస్తున్నట్టు.

చూసినవాళ్ళు ఊరికే ఉండలేదు. ఫోటోలు పెట్టారు, ఆ గది గురించి రాశారు. కోట ముందు దిగినవాళ్ళు "తెరచాపమ్మ గది ఎటు?" అని అడగడం మొదలుపెట్టారు. మామయ్యకు గర్వంగానే ఉండేది. దర్జీ మాత్రం, "ఒరేయ్, బాగున్నదాన్ని బాగుందని ఊరంతా చాటకూడదు. దిష్టి తగులుతుంది" అనేవాడు. తగిలింది.

ఆ ఇంటి యజమాని మెత్తటి మనిషి. గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు. ఒకరోజు పొద్దున్నే వచ్చి, చెప్పులు బయట విడిచి, టార్పాలిన్ చుట్ట మీద కూర్చున్నాడు.

"అమ్మా, గోడలు చూస్తున్నారుగా. పెద్ద గాలివాన వస్తే మీ మీద పడతాయి. బాగు చేయించాలి."

"చేయించండి బాబూ. నేనో మూల కూర్చుంటాను."

"ఆ మూలే ముందు పడేట్టుందమ్మా."

ఆయన వెళ్ళాక దర్జీ రోడ్డు దాటి వచ్చాడు. "అక్కా, ఈ గడప లోపల ఉన్నంతకాలం నిన్నెవరూ ఏం చెయ్యలేరు. ఇన్నేళ్ళ కాపురం. నీ అంతట నువ్వు మూటలు బయట పెట్టావా, ఇక అంతే. చట్టం ఎవరి చుట్టమూ కాదు."

"నేనెక్కడికీ కదలను" అంది ఆవిడ. కదలకూడదనే అనుకుంది. పుట్టిన గది, అమ్మ పోయిన గది. ఆ కిటికీ దగ్గర ఉండగానే తనూ పోవాలని తప్ప ఆవిడ దేవుణ్ణి ఇంకేమీ అడగలేదు. ఇది నాతోనే ఎన్నోసార్లు అంది.

యజమాని మళ్ళీ వచ్చాడు. ఈసారి గోడల సంగతి ఎత్తలేదు. చిన్నప్పుడు తనకు తెరచాపమ్మ వాళ్ళమ్మ గుడ్డ సంచి కుట్టిచ్చిన సంగతి చెప్పాడు, అందులో బడికి పుస్తకాలు తీసుకెళ్ళేవాడట. నీళ్ళు తాగాడు. గ్లాసు తనే కడగబోతే ఆవిడ లాక్కుంది. లేచి మెట్లు దిగాడు. ఆవిడ గడపలో నిలబడి, ఆయన మొహంలోకి చూస్తూ మెల్లగా అంది:

"మరి నేను వెళ్ళొస్తాను బాబూ."

ఆవిడ దృష్టిలో అది ప్రశ్న. ఆయన చెప్పులు తొడుక్కుంటూ తలెత్తి నవ్వాడు. "వెళ్ళి రండమ్మా. జాగ్రత్త."

"విన్నావా?" అంది ఆవిడ ఎదురు వాకిట్లో ఉన్న దర్జీతో. "ఆ మాట అన్నాడు." దర్జీ నోట్లో గుండుసూదులున్నాయి. వాటిని ఒక్కొక్కటే తీసి మాట్లాడేలోపు ఆవిడ లోపలికెళ్ళి మూటలు కట్టడం మొదలుపెట్టింది.

తమ్ముడు వెనకే వెళ్ళాడు. "అక్కా, అది మర్యాదకి అన్న మాట. అందరూ అంటారు."

"మర్యాదంటే మాట మీద నిలబడ్డమే కదరా. రానివాళ్ళని ఎవరైనా రమ్మంటారా? ఆ అబ్బాయి అలాంటివాడు కాదు. మన అమ్మ కుట్టిన సంచి మోసినవాడు."

అక్క మొహంలో కొన్నాళ్ళుగా లేని తేట కనిపిస్తోంది.

వాళ్ళకు దొరికిన ఇల్లు ఊరికి ఎగువన, కొండ మీద కొత్తగా కట్టిన భవనంలో, చాలా మెట్ల పైన. గాలి బాగానే వస్తుంది. కిటికీలోంచి ఊరు కనిపిస్తుందని చెప్పి ఇచ్చారు. చూస్తే కోట, గడియార స్తంభం, దీపస్తంభం కనిపించాయి. సందులు కనిపించలేదు, కాలవ కనిపించలేదు. "బొమ్మల కార్డు లోపల కాపురం పెట్టినట్టుంది" అని ఆవిడ నవ్వింది. రెండు గిన్నెలు మాత్రం బయటికి తీసి, మిగతా మూటలు విప్పకుండా గోడవారగా పేర్చింది. "మళ్ళీ కట్టుకోవద్దూ?"

తమ్ముడు రోజూ పొద్దున్నే బస్సులో కిందికి దిగి, యాత్రికులను తిప్పి, సాయంత్రానికి పైకి వచ్చేవాడు. ఆవిడ చెప్పులు విడవనిచ్చేది కాదు.

"ఎందాకా వచ్చింది?"

"గోడలు గీకారక్కా."

"చౌడంతా పోయిందా?"

"పోయింది."

ఇంకో రోజు, "సున్నం వేశారు." ఇంకో రోజు, "కిటికీ పెద్దది చేశారు."

"అమ్మయ్య. సూదిలో దారం ఎక్కించడానికి ఇక కళ్ళు చిట్లించక్కర్లేదు."

ఆయన అబద్ధం చెప్పలేదు. అబద్ధమాడితే బావుండేదని తర్వాత నాతో అన్నాడు. చెప్పిన ప్రతి నిజమూ ఆవిడకు ఇంకో మెట్టు కిందికి దిగినట్టే ఉండేది, కాలవ దగ్గరికి. నిజానికి ఆ గదిని యజమాని కంపెనీకే ఇచ్చేశాడు. అది బస చేసేవాళ్ళ కోసం, నడక ముగించినవాళ్ళు కాసేపు కూర్చోవడం కోసం. ఇనుప కడియానికి నల్లరంగు వేశారు. గుమ్మం మీద "తెరచాపమ్మ గది" అని అందంగా రాయించారు. పడవ కథ చెప్పేవాళ్ళు లేరు కాబట్టి అదీ మామయ్యే చెప్పాల్సి వచ్చింది.

గది కంపెనీకి పోయిందని, గుమ్మం మీద పేరు రాశారని మాత్రం ఆయన ఇంట్లో చెప్పలేకపోయాడు. పక్కింటి అమ్మాయి తన ఫోనులో చూసి, "మామ్మా, నీ పేరే" అని చూపించింది. ఆ పిల్ల సంతోషపెట్టాలనే చూపించింది. పాపం, ఆ పిల్ల రోజూ ఆవిడకు నీళ్ళ బిందె పైకి మోసిచ్చే మనిషి.

"నా పేరు రాయించాడా!" అనుకుంది తెరచాపమ్మ. పని పూర్తయిందని అర్థం చేసుకుంది. తమ్ముడి కోసం ఆగకుండా తోలుపట్టా, సూదుల డబ్బా ఉన్న చిన్న మూట తీసుకుని బస్సెక్కింది. కండక్టరు ఆవిడ మూట తన సీటు కింద పెట్టి, దిగేటప్పుడు చెయ్యందించాడట.

ఆ రోజు నేను గుంపు వెనకే ఉన్నాను. మామయ్య గదిలో కిటికీ దగ్గర నిలబడి పడవ కథ చెబుతున్నాడు. నేలంతా నున్నటి పలకలు, మెత్తటి కుర్చీలు. ఆవిడ మెట్లెక్కి గుమ్మంలో ఆగింది. ఆయన చూడలేదు. అక్కడ పనిచేసే అమ్మాయి చూసింది. మంచి పిల్ల. పెద్దావిడ ఆయాసపడటం గమనించి గబగబా వచ్చి చేతిలో మూట అందుకుంది.

"రండమ్మా, కూర్చోండి. మీవాళ్ళ నుంచి వెనకబడిపోయారా?" అని కుర్చీ చూపించి, గ్లాసుతో నీళ్ళు తెచ్చిచ్చింది. "ఏ ఊరి నుంచి వచ్చారమ్మా?"

తెరచాపమ్మ నీళ్ళ వంక చూసింది. గోడల వంక చూసింది.

"కొండ మీద నించి" అంది.

కుర్చీలో అంచున కూర్చుంది, పరాయింట్లో కూర్చున్నట్టు. అప్పుడు మామయ్య చూశాడు. కథ మధ్యలో ఆగిపోయాడు. వాళ్ళమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది, పడవ మూతి లోపలికి వచ్చింది, అంతే. "తర్వాత ఏమైందండీ?" అని ఎవరో అడిగారు.

"చెప్పు" అంది అక్క, మామూలు గొంతుతో. "వాళ్ళు అడుగుతున్నారుగా."

ఆయన ఎలాగో ముగించాడు. అందరూ నవ్వారు, లేచారు. గుమ్మం దగ్గర ఆ అమ్మాయి చేతులు జోడించి ఒక్కొక్కరికీ చెబుతోంది: "వెళ్ళి రండి సార్. వెళ్ళి రండమ్మా." బస్సెక్కి వెళ్ళిపోయే మనుషులు, ఈ ఊరు మళ్ళీ చూడని మనుషులు. అందరికీ ఒకే చిరునవ్వు. తెరచాపమ్మ కుర్చీలో కూర్చునే వింటోంది. ఆఖరి మనిషి దాకా విన్నది. తర్వాత గ్లాసు పక్కన పెట్టి, తమ్ముణ్ణి చూసి, "అంతేనా?" అంది.

ఆయన తలదించుకున్నాడు. ఆవిడ మూట అడిగి తీసుకుంది, ఆ అమ్మాయి తల నిమిరింది. ఆ పిల్లకు ఆవిడెవరో ఏమిటో తెలియలేదు.

తర్వాత మామయ్య, దర్జీ కలిసి యజమాని ఇంటికి వెళ్ళారు. ఆయన ఇద్దర్నీ కూర్చోబెట్టి, ముందు తెరచాపమ్మ ఎలా ఉందని అడిగాడు. దర్జీ జరిగింది చెబితే నిజంగా బాధపడ్డాడు. "అయ్యో, నేను మామూలుగా అన్నానండీ. మీరైనా చెప్పొద్దూ?" అన్నాడు. కంపెనీకి రాసిచ్చేశాడు, తన చేతుల్లో ఏమీ లేదు. వచ్చేటప్పుడు సంచి నిండా పళ్ళు పెట్టిచ్చాడు. దర్జీ వద్దన్నా మామయ్య తీసుకున్నాడు. కాదనడం ఆయనకు రాదు. ఆ పళ్ళు చూసి తెరచాపమ్మ, "పండేం తప్పు చేసింది" అని పక్కింటి పిల్లలకు పంచేసింది. తను ఒక్కటీ నోట్లో వేసుకోలేదు.

ఆ గదిలోకి అడుగు పెట్టలేనని మామయ్య కంపెనీలో చెప్పుకున్నాడు. వాళ్ళూ కోప్పడలేదు. "పోనీ ఇంకో చోటు వెతకండి. ఇలాంటి గదే, ఇలాంటి మనిషే ఉండాలి" అన్నారు. ఆయన వలలు బాగుచేసేవాళ్ళ సందుకు వెళ్ళాడు. అక్కడ ఒక ముసలావిడ వాకిట్లో కూర్చుని వల అల్లుతూ ఉంది. ఆయన్ను చూడగానే పీట వేసింది. విషయం వింది. మంచినీళ్ళిచ్చింది.

"నువ్వు మంచివాడివి అన్నా. బాగా చెబుతావు, అందరూ అంటారు" అంది. "అందుకే వద్దంటున్నా. మా సందులోకి తీసుకురాకు."

దుకాణంలో మంగలీ అదే మాట ఇంకాస్త మొహమాటంగా అన్నాడు. కమ్మరి అయితే, గుంపు వచ్చినప్పుడు సుత్తి పక్కన పెట్టడమే మానేశాడు. మామయ్య మళ్ళీ ఆ గదికే వెళుతున్నాడు. పొయ్యి వెలగాలిగా. ఆ సందులో ఇప్పుడు దర్జీ కూడా ఖాళీ చేసే మాట మీద ఉన్నాడు.

మొన్న కొండెక్కి వాళ్ళింటికి వెళ్ళాను. మామయ్య పనికి వెళ్ళాడు. పక్కింటి అమ్మాయి ఆవిడకు తల దువ్వుతోంది. మూటలు ఎప్పుడో విప్పేశారు. టార్పాలిన్ గుడ్డలు కత్తిరించి పిల్లలు మెట్ల మీద కూర్చోవడానికి పరిచారు. సూదుల డబ్బా ఆ అమ్మాయికే ఇచ్చేసిందట.

"ఏమైనా కావాలా అత్తా? కిందినుంచి తెచ్చిపెట్టనా?" అని అడిగాను.

"ఏం వద్దమ్మా. ఇక్కడ అన్నీ ఉన్నాయి" అంది. గోడ మీద చెయ్యి వేసింది. "చూశావా, చెమ్మ లేదు. ఎంత తడిమినా పొడిగానే ఉంటుంది."

"ఒంటికి మంచిదే కదత్తా" అన్నాను.

ఆవిడ గోడ మీంచి చెయ్యి తియ్యలేదు. అటు తిరిగే పడుకుంది. ఆ అమ్మాయి దుప్పటి కప్పి, దువ్వెనలో చిక్కిన తెల్ల వెంట్రుకలు తీస్తూ కూర్చుంది.